దీర్ఘదూర ట్రయథ్లాన్: పరుగు చెడేది సైకిల్ మీదే

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, కె.ఆర్.పురం వైపు ఉండే తెలుగువారిలో ముప్పై అయిదో నలభయ్యో దాటాక ఈత నేర్చుకుని ట్రయథ్లాన్‌కు సిద్ధమవుతున్నవాళ్లు ఇప్పుడు చాలామందే కనిపిస్తున్నారు. వాళ్ల మధ్య తరచుగా వినిపించే మాట ఒకటుంది: ‘ఈత ఒక్కటి గట్టెక్కితే చాలన్నా, మిగతాది ఎలాగోలా లాగేస్తాం.’ పెద్దయ్యాక నీళ్లలోకి దిగినవారికి ఆ భయం సహజమే. కానీ మిగతాది ఎలాగోలా లాగేయగలిగేది కాదు. ఈత దాటి, సైకిల్ మీద ఉత్సాహంగా దూసుకెళ్లి, పరుగు సగంలో కాళ్లు కదలక నడకలోకి దిగిపోయేవారే ఈ పోటీల్లో ఎక్కువగా కనిపిస్తారు. ఆ కూలిపోవడానికి కారణం పరుగు సాధనలో లోపమని వారు అనుకుంటారు గానీ, చాలా సందర్భాల్లో అది అంతకు నాలుగైదు గంటల ముందే, సైకిల్ మీద ఖాయమై ఉంటుంది. అది ఎలా జరుగుతుందో వివరంగా చూద్దాం.

ముందు దూరాలు, గడువులు. పూర్తి దూరం ట్రయథ్లాన్ అంటే 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిల్, 42.2 కిలోమీటర్ల పరుగు. మొత్తం 226 కిలోమీటర్లు, మధ్యలో విరామం లేకుండా. ఇందులో సగం దూరాన్ని హాఫ్ అంటారు. 2019లో మొదలైన గోవా పోటీ ఈ దూరానిదే. ‘ఐరన్‌మ్యాన్’ అనేది నిజానికి ఒక సంస్థ నిర్వహించే పోటీల పేరు, అయితే మన వాడుకలో అది దూరానికే పేరైపోయింది. ఆ సంస్థ పోటీల్లో పూర్తి దూరానికి సాధారణంగా 17 గంటలు, హాఫ్‌కు ఎనిమిదిన్నర గంటలు గడువు ఉంటుంది. మధ్యలోనూ గేట్లు ఉంటాయి: పూర్తి దూరంలో ఈతను 2 గంటల 20 నిమిషాల్లో ముగించాలి, మొదలైన పదిన్నర గంటల్లోపు సైకిల్ దిగాలి. బెంగళూరు దక్షిణ ఎంపీ తేజస్వి సూర్య 2024లో గోవా పోటీని 8 గంటల 27 నిమిషాల 32 సెకన్లలో పూర్తి చేశారు. గడువుకు మిగిలింది రెండున్నర నిమిషాలే. మొదటిసారి పాల్గొనే ఉద్యోగస్తుల్లో చాలామందికి అసలు పోటీ పక్కవాళ్లతో కాదు, ఈ గడువుతోనే.

ఈ గడువును విడదీసి చూస్తే ఒక సంగతి బయటపడుతుంది. ఒకరు ఈతను గంటా 40 నిమిషాల్లో ముగించి, బట్టలు మార్చుకోవడానికి పది నిమిషాలు తీసుకున్నారనుకుందాం. సైకిల్ గేటు దాటడానికి ఆయనకు 8 గంటల 40 నిమిషాలు మిగులుతాయి, అంటే గంటకు 21 కిలోమీటర్ల లోపు సగటు వేగం సరిపోతుంది. అక్కడ సరిగ్గా గడువుకే దిగి, మరో పది నిమిషాలు గడిపినా, మారథాన్‌కు 6 గంటల 20 నిమిషాలు ఉంటాయి. అంటే కిలోమీటరుకు 9 నిమిషాలు. చురుగ్గా నడిచేవారు కిలోమీటరుకు పది నిమిషాలు తీసుకుంటారు. అంటే అసాధారణమైన వేగం ఎక్కడా అవసరం లేదు. చివరి దాకా నెమ్మదిగానైనా పరిగెత్తగలిగే స్థితిలో సైకిల్ దిగడమే అవసరం. సాధన ప్రణాళికలో ప్రతి అంశాన్నీ ఈ ఒక్క ప్రశ్నతో తూచుకోవాలని నా అభిప్రాయం.

ఈ పోటీ పుట్టినప్పుడే ఈ సంగతి రుజువైంది. 1978 ఫిబ్రవరి 18న హవాయి దీవుల్లోని ఓవాహులో, నౌకాదళ అధికారి జాన్ కాలిన్స్, ఆయన భార్య జూడీ ఆలోచన మేరకు, అక్కడ అప్పటికే జరుగుతున్న ఒక సముద్రపు ఈతను, దీవి చుట్టూ సాగే సైకిల్ యాత్రను, హొనొలులు మారథాన్‌ను కలిపి ఒకే రోజు పోటీగా పెట్టారు. పదిహేను మంది మొదలుపెడితే పన్నెండు మంది ముగించారు. సైకిల్ దిగి పరుగు మొదలుపెట్టేటప్పటికి ముందున్నది జాన్ డన్‌బార్. మారథాన్ దారిలో ఆయన సహాయకుల దగ్గర నీళ్లు అయిపోయాయి, బదులుగా బీరు ఇచ్చారు. 11 గంటల 46 నిమిషాల 58 సెకన్లలో గెలిచింది గోర్డన్ హాలర్. నాలుగేళ్ల తర్వాత, 1982 ఫిబ్రవరిలో, మహిళల విభాగంలో అందరికంటే ముందున్న జూలీ మాస్ ముగింపు గీతకు కొద్ది దూరంలో కుప్పకూలి, పాకుతూ చేరుకునేలోగా కాథ్లీన్ మెకార్ట్నీ ఆమెను దాటి గెలిచింది. ఈ రెండు సందర్భాల్లోనూ ఓడిపోయినవారికి కాళ్లలో బలం తక్కువేమీ కాదు. ఒంట్లో ఇంధనమో నీరో అయిపోయింది.

ఇంధనం లెక్క దగ్గర కాస్త నిలబడాలి, ఎందుకంటే మొత్తం చిక్కుముడి ఇక్కడే ఉంది. మన కండరాల్లో, కాలేయంలో గ్లైకోజెన్ రూపంలో నిల్వ ఉండే పిండిపదార్థం సుమారు 400 నుంచి 500 గ్రాములు; అది దాదాపు రెండు వేల కిలోక్యాలరీలకు మించదు. పూర్తి దూరానికి ఖర్చయ్యేది ఎనిమిది నుంచి పదివేల కిలోక్యాలరీల దాకా ఉంటుంది. మిగిలింది కొవ్వు నుంచి రావాలి, లేదా దారిలో తినాలి. కొవ్వు నిల్వకు ఎవరికీ కొదవ లేదు. కానీ కొవ్వు నెమ్మదిగానే కరుగుతుంది; శ్రమ తీవ్రత పెరిగేకొద్దీ శరీరం పిండిపదార్థం వైపు మొగ్గుతుంది. తినడానికి కూడా హద్దుంది. పేగుల గోడలో గ్లూకోజ్‌ను లోపలికి చేరవేసే వాహకాలు గంటకు సుమారు 60 గ్రాముల దగ్గర నిండిపోతాయి. ఫ్రక్టోజ్‌కు వేరే వాహకం ఉంది కాబట్టి, రెండూ కలిపి తీసుకుంటే 90 గ్రాముల దాకా వెళ్లవచ్చు, అదీ కడుపుకు నెలల తరబడి అలవాటు చేసిన తర్వాతే.

ఇప్పుడు ఒక ఉదాహరణ వేసుకుందాం. అంకెలు మనిషిని బట్టి మారతాయి గానీ వాటి మధ్య పోలిక మారదు. ఒకరు సగటున 150 వాట్ల శక్తితో తొక్కి గంటకు 28 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నారు. గంటకు సుమారు 560 కిలోక్యాలరీల ఖర్చు. అందులో సగం పిండిపదార్థం నుంచి వస్తుందనుకుంటే గంటకు 70 గ్రాములు. ఆయన గంటకు 60 గ్రాములు తింటే లోటు పది గ్రాములే, ఆరున్నర గంటల తర్వాత కూడా నిల్వలో 65 గ్రాముల లోపే తరుగుతుంది. అదే మనిషి, ఆ రోజు ఒళ్లు తేలికగా ఉందని, 190 వాట్లతో తొక్కారు. ఖర్చు గంటకు 710 కిలోక్యాలరీలకు చేరుతుంది. తీవ్రత పెరిగింది కాబట్టి పిండిపదార్థం వాటా 70 శాతానికి వెళ్తే, అది గంటకు 124 గ్రాములు. తిన్న 60 పోగా లోటు 64. ఆరు గంటల్లో 380 గ్రాములకు పైగా ఖాళీ. అంటే దాదాపు ఒట్టి డబ్బాతో మారథాన్ మొదలవుతుంది.

ఇంత ఖర్చుపెట్టి ఆయన సంపాదించింది ఎంత? గాలి నిరోధాన్ని ఎదుర్కోవడానికి కావలసిన శక్తి వేగం ఘనంతో పాటు పెరుగుతుంది కాబట్టి, శక్తి నాలుగో వంతుకు పైగా పెంచినా వేగం 28 నుంచి దాదాపు 30కి మాత్రమే వచ్చింది. 180 కిలోమీటర్లకు ఆదా అయిన సమయం 26 నిమిషాలు. పరుగులో చివరి పాతిక కిలోమీటర్లు ఏడు నిమిషాల చొప్పున వెళ్లవలసినవారు పది నిమిషాల నడకకు పడిపోతే పోయేది గంటా పావు. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూసుకున్నవారు మళ్లీ ఎవరైనా తమను దాటి వెళ్లినా తొందరపడరు.

బెంగళూరులో సాధన చేసేవారికి ఈ పొరపాటు మరింత సులువుగా జరిగే కారణం ఒకటుంది. వారాంతాల్లో బళ్లారి రోడ్డు మీదుగా నంది కొండ వైపు వెళ్లే సైకిల్ గుంపుల్లో, ముందువాడి వెనుక చక్రానికి జానెడు దూరంలో తొక్కడం అందరికీ అలవాటు. వెనుక ఉన్నవారికి పాతిక శాతం, కొన్నిసార్లు అంతకు మించి శ్రమ తగ్గుతుంది. గుంపులో వచ్చిన 32 కిలోమీటర్ల సగటును చూసి తమ స్థాయి అదేనని నమ్ముతారు. దీర్ఘదూర పోటీల్లో ఆ వెసులుబాటు లేదు. ఒలింపిక్ ట్రయథ్లాన్‌లో వెనుక తొక్కడం అనుమతిస్తారు గానీ, ఇక్కడ ముందువారికి 12 మీటర్ల ఎడం పాటించాలి, దాటదలచుకుంటే 25 సెకన్లలో దాటేయాలి, లేకపోతే శిక్షా గుడారంలో నిమిషాల కొద్దీ నిలబడాలి. పైగా బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది కాబట్టి గాలి ఒత్తిడి దాదాపు పది శాతం తక్కువ. అదే శక్తికి అక్కడ కాస్త ఎక్కువ వేగమే వస్తుంది. అందువల్ల పోటీకి వేగాన్ని లక్ష్యంగా పెట్టుకోకూడదు. పవర్ మీటర్ (తొక్కే శక్తిని కొలిచే పరికరం) ఉంటే వాట్లను, లేకపోతే గుండె వేగాన్ని పెట్టుకోవాలి. గుంపుతో తొక్కడం మానేయమని కాదు, తెల్లవారుజామున ఆ రోడ్డు మీద ఒంటరిగా వెళ్లడం కంటే గుంపే భద్రం. అయితే దేవనహళ్లి దాటాక విడిపోయి, ఎవరి గాలిని వారు చీల్చుకుంటూ వెళ్లే గంటలు కొన్నయినా ఉండాలి.

ఇంధనం తర్వాత వేడి. ఇది మన ప్రాంతాల వారికి ఇంధనమంత పెద్ద సమస్య. కండరం తాను ఖర్చుచేసే శక్తిలో నాలుగో వంతు కూడా పనిగా మార్చలేదు, మిగతాదంతా వేడే. పెడల్ మీద 150 వాట్లు పడుతుంటే ఒంట్లో సుమారు 500 వాట్ల వేడి పుడుతుంది. దాన్ని చెమటే వదిలించాలంటే గంటకు ముప్పావు లీటరు చెమట ఒంటి మీద ఆవిరి కావాలి. కారిపోయిన చెమట పనికిరాదు, ఆరిన చెమటే చల్లబరుస్తుంది. బెంగళూరు పొడిగాలిలో ఇది దానంతట అదే జరిగిపోతుంది. చెన్నైలో, మామల్లపురం వెళ్లే ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద, ఉదయం ఏడింటికే గాలి తేమతో నిండి ఉంటుంది. మోచేతుల నుంచి బొట్లు హ్యాండిల్ మీద పడుతూనే ఉంటాయి, ఒళ్లు మాత్రం చల్లబడదు. తిరిగి వచ్చి నీడలో కూర్చున్నాక నల్ల జెర్సీ వీపు మీద, శిరస్త్రాణం పట్టీల మీద ఉప్పు తెల్లటి చారలుగా పేరుకుని కనిపిస్తుంది. ఎంత సోడియం పోయిందో కళ్లతో చూడగలిగే ఆధారం అదే.

పరుగులో ఈ సమస్య రెట్టింపవుతుంది. సైకిల్ మీద మన వేగమే మనకు గంటకు పాతిక ముప్పై కిలోమీటర్ల గాలిని ఇస్తుంది. పరుగులో అది ఎనిమిదికి పడిపోతుంది, సరిగ్గా అప్పటికి మధ్యాహ్నపు ఎండ నెత్తికెక్కుతుంది. చల్లబరచడానికి రక్తం చర్మం వైపు మళ్లుతుంది, చెమట వల్ల రక్తంలో ద్రవం తగ్గుతుంది, కాబట్టి అదే వేగానికి గుండె మరింత వేగంగా కొట్టుకోవలసి వస్తుంది. జీర్ణాశయానికి వెళ్లే రక్తం తగ్గిపోయి, తిన్నది కదలక, వికారం మొదలవుతుంది. అప్పుడు తినడం మానేస్తారు, ఇంధనం లోటు మళ్లీ మొదటికొస్తుంది. ఇంధనం, వేడి, నీరు అని విడివిడిగా రాసుకుంటాం గానీ, ఒకదాని తప్పు మరొకదాని మీద పడకుండా ఉండదు.

శరీరం వేడికి అలవాటు పడుతుంది. పది నుంచి పద్నాలుగు రోజుల పాటు వేడిలో రోజూ కొంతసేపు శ్రమిస్తే రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మా పరిమాణం పెరుగుతుంది, చెమట త్వరగా మొదలవుతుంది, దాంట్లో ఉప్పు తగ్గుతుంది. బెంగళూరు వాసులు గోవాకో మలేషియాలోని లంకావీకో వెళ్లే ముందు ఇంట్లో ట్రైనర్ (సైకిల్‌ను కదలకుండా నిలిపి తొక్కనిచ్చే పరికరం) మీద ఫ్యాన్ ఆపి తొక్కడం, వీలైతే చెన్నైలో బంధువుల ఇంట కొన్ని రోజులు ఉండి అక్కడి రోడ్ల మీద పరిగెత్తడం మంచి పద్ధతులు. అయితే ఇది తేలికపాటి సాధనగానే ఉండాలి. తల తిరగడం, చలిగా అనిపించడం, మాట తడబడటం కనిపిస్తే ఆ క్షణమే ఆపేయాలి. వడదెబ్బకు ప్రాణం తీసే శక్తి ఉందని తెలుగువారికి ఎవరూ చెప్పనవసరం లేదు.

నీళ్ల విషయంలో రెండు వైపులా ప్రమాదం ఉంది. తక్కువ తాగితే ఏమవుతుందో తెలిసిందే. ఎక్కువ తాగితే రక్తంలో సోడియం పలచబడి, లీటరుకు 135 మిల్లీమోల్‌ల కంటే కిందికి పోతే హైపోనేట్రీమియా అంటారు. తలనొప్పి, వాంతులు, అయోమయం, మరీ ముదిరితే మూర్ఛ. లక్షణాలు నీరసం లాగే ఉంటాయి కాబట్టి చూసేవారు ఇంకా నీళ్లే తాగిస్తారు, పరిస్థితి మరింత విషమిస్తుంది. నెమ్మదిగా, ఎక్కువ గంటలు, దారిలో నీళ్లు, తిండి అందించే ప్రతి ఎయిడ్ స్టేషన్ దగ్గరా ఆగి తాగుతూ వెళ్లేవారికే ఈ ముప్పు ఎక్కువ. ఎవరికెంత కావాలో తెలుసుకునే పద్ధతి చాలా తేలిక: గంటసేపు పోటీ వేగంతో తొక్కే ముందు, తర్వాత, ఒళ్లు తుడుచుకుని బరువు చూసుకోవాలి, తగ్గిన ప్రతి కిలోకూ ఒక లీటరు చెమట, మధ్యలో తాగినది దానికి కలపాలి. ఈ పరీక్షను బెంగళూరులో ఒకసారి, చెన్నైలో ఒకసారి చేస్తే వచ్చే తేడా చూసి చాలామంది ఆశ్చర్యపోతారు. కొబ్బరి నీళ్ల మీద మనకు ఎంత నమ్మకమున్నా, అందులో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమటలో పోయేది ప్రధానంగా సోడియం. ఆ పనికి ఉప్పు వేసిన మజ్జిగ గానీ, ఓఆర్ఎస్ గానీ మెరుగు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం కలిపిన లీటరు ఓఆర్ఎస్‌లో 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజ్ ఉంటాయి. అంటే అది ఉప్పు కోసమే, ఇంధనం కోసం కాదు.

తిండి గురించి మన ఇళ్లలో జరిగే ఒక పొరపాటు చెప్పాలి. రేపు అంత దూరం వెళ్లాలని ముందురోజు రాత్రి నెయ్యి, పప్పు, వేపుళ్లు, ఆవకాయతో కడుపునిండా పెడతారు. ప్రేమ నిజమే గానీ, కొవ్వు, పీచు, కారం జీర్ణం కావడాన్ని ఆలస్యం చేస్తాయి, మర్నాడు ఉదయం ఈత దుస్తుల్లో నిలబడినప్పుడు ఇబ్బంది పెడతాయి. చివరి రెండు రోజులు పెరుగన్నం, ఇడ్లీ, ఉడికించిన బంగాళాదుంప, అరటిపండు వంటివే ఎక్కువగా తినాలి. పోటీలో తినేది జెల్ అయినా బెల్లం ముక్కయినా సరే, సాధనలో ఎన్నోసార్లు తిని చూసినదే కావాలి. మధ్యస్థమైన అరటిపండులో సుమారు 25 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. గంటకు 60 అంటే ఎంతో దీన్ని బట్టి ఊహించుకోవచ్చు.

ఇక అందరూ భయపడే ఈత. మొత్తం సమయంలో దాని వాటా పదో వంతే. ఇక్కడ బలం కన్నా పద్ధతి ముఖ్యం; తల ఎత్తితే కాళ్లు మునుగుతాయి, కాళ్లు మునిగితే నీటి నిరోధం పెరుగుతుంది, ఆ నిరోధాన్ని బలంతో జయించబోతే సైకిల్ ఎక్కేలోపే అలసిపోతారు. అందుకని పెద్దయ్యాక నేర్చుకున్నవారు మైళ్ల కొద్దీ ఈదే ముందు శిక్షకుడి దగ్గర శరీరాన్ని నీటికి సమాంతరంగా ఉంచడం నేర్చుకుంటే నెలలు ఆదా అవుతాయి. బసవనగుడి, హలసూరు కొలనుల్లో గానీ చెన్నై వేళచ్చేరి కొలనులో గానీ 50 మీటర్ల లేన్‌లో 76 సార్లు వెళ్తే 3.8 కిలోమీటర్లు.

అయితే ఈతను గురించిన భయం ఒక విషయంలో సరైనదే. అమెరికాలో 1985 నుంచి 2016 వరకు ట్రయథ్లాన్లలో జరిగిన మరణాలు, గుండె ఆగిన ఘటనలు మొత్తం 135ని పరిశీలించిన వైద్య అధ్యయనంలో 90 ఈత సమయంలోనే జరిగాయి, బాధితుల్లో అత్యధికులు మధ్యవయస్కులైన పురుషులు. నలభై దాటినవారు గుండె పరీక్ష చేయించుకోకుండా పేరు నమోదు చేసుకోవడం ధైర్యం అనిపించుకోదు. కొలనుకూ సముద్రానికీ చాలా తేడా ఉంది: అడుగు కనపడదు, పట్టుకోవడానికి గోడ ఉండదు, అలల మధ్య తల ఎత్తి, దారి చూపడానికి నీటిపై తేలే గుర్తును, అంటే బోయాను, వెతుక్కోవాలి, దారి తప్పితే దూరం పెరుగుతుంది. బెంగళూరు చెరువుల్లో నీటి నాణ్యత ఈతకు తగదు కాబట్టి అక్కడివారు పోటీకి ముందు సముద్రాన్ని రుచి చూడడానికి చెన్నై రావలసిందే. కానీ మెరీనాలో దిగకూడదు. అక్కడి లోపలికి లాగే ప్రవాహాలు ఏటా ప్రాణాలు తీస్తూనే ఉన్నాయి. కోవళం వైపు, అనుభవజ్ఞుల గుంపుతో, రంగు బోయా నడుముకు కట్టుకుని, ఈశాన్య రుతుపవనాలు మొదలవకముందే వెళ్లాలి.

సామాన్ల గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. సైకిల్ మీద గాలి నిరోధంలో అత్యధిక భాగం మనిషి శరీరానిదే, కాబట్టి లక్షల రూపాయల కార్బన్ ఫ్రేము కన్నా, ఉన్న రోడ్ సైకిల్‌కు ఏరో బార్లు (ముందుకు వంగి మోచేతులు ఆనించుకునే కడ్డీలు) బిగించి, ఆ భంగిమలో మూడు గంటలు నడుము నొప్పి లేకుండా ఉండగలగడం ఎక్కువ మేలు చేస్తుంది.

పోటీకి అయిదారు వారాల ముందు చేయవలసిన ఒక పరీక్షతో ఇందాకటి లెక్కలన్నీ తేలిపోతాయి. పూర్తి దూరానికి వెళ్లేవారు పోటీలో పెట్టుకోదలచిన వాట్లతోనే, ఎవరి వెనుకా నక్కకుండా, నాలుగు గంటలు తొక్కాలి. అనుకున్నంత తినాలి, అనుకున్నంత తాగాలి. దిగిన పది నిమిషాల్లో బూట్లు మార్చుకుని గంటసేపు పోటీ వేగంతో పరిగెత్తాలి. సాధకులు బ్రిక్ అనేది దీన్నే. మొదటి రెండు కిలోమీటర్లు తొడలు మొద్దుబారినట్లు ఉండటం మామూలే, అది పోతుంది. చూడవలసింది చివరి అరగంట: వేగం మారకుండానే గుండె వేగం పైకి పాకుతూ పోతుంటే, కడుపులో తిప్పుతుంటే, పరుగును తప్పుపట్టి కొత్త పరుగు ప్రణాళిక వేసుకోనక్కరలేదు. సైకిల్ మీద పది వాట్లు తగ్గించి, రెండు వారాల తర్వాత అదే దారిలో మళ్లీ ప్రయత్నించాలి. చెన్నైలో అయితే ఆ రెండో ప్రయత్నాన్ని కూడా అదే వేళకు మొదలుపెట్టాలి, ఎందుకంటే పొద్దెక్కాక సముద్రం మీది గాలి మళ్లిందంటే అంకెలు పోల్చడానికి పనికిరావు.